సావరిన్ సిటిజన్ ఉద్యమం: చట్టం వర్తించదంటూనే చట్టాన్ని పట్టుకు వేలాడే వాళ్లు

సంక్షిప్తంగా: అమెరికాలో ప్రభుత్వాన్ని వ్యతిరేకించే గుంపులు చాలా ఉన్నాయి. వాటిలో సావరిన్ సిటిజన్లది, అంటే ఏ ప్రభుత్వానికీ లోబడని పౌరులమని చెప్పుకునేవాళ్లది, వేరే దారి. వీళ్లు తుపాకీ కంటే ముందు కాగితాన్ని నమ్ముకుంటారు. సరైన మాటలు సరైన ఫారం మీద రాస్తే పన్నులు, అప్పులు, లైసెన్సులు, చివరికి క్రిమినల్ కేసులు కూడా తమను తాకవని వీళ్ల వాదన. అది 1970ల్లో జాత్యహంకార గుంపుల్లో పుట్టింది. 1980ల్లో అప్పుల్లో మునిగిన రైతుల్లోకి పాకింది. ఇప్పుడు కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియా దాకా చేరింది. కోర్టుల్లో వరసగా ఓడిపోతున్నా ఇది ఎందుకు తగ్గడం లేదు, ప్రభుత్వాలు దీన్ని ఎలా చూడాలి అన్న దాని మీదే ఇప్పటి చర్చ.

## కోర్టు గదిలో ఒక పాఠం

2022 అక్టోబర్‌లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వాకెషాలో ఒక హత్య కేసు విచారణ జరిగింది. అంతకు ముందు ఏడాది నవంబర్ 21న క్రిస్మస్ ఊరేగింపు మీదికి కారు తోలిన ఘటనలో ఆరుగురు చనిపోయారు, అరవై మందికి పైగా గాయపడ్డారు. నిందితుడు లాయర్లను వద్దని చెప్పి తన కేసు తానే వాదించుకున్నాడు. జడ్జి పేరు పెట్టి పిలిస్తే ఆ పేరు తనది కాదన్నాడు. ఈ విషయం మీద ఈ కోర్టుకు విచారణాధికారం ఉందని ముందు రుజువు చేయమని రోజుల తరబడి అదే ప్రశ్న వేశాడు. పదే పదే అడ్డు తగులుతుంటే చివరికి అతన్ని పక్క కోర్టు గదిలో కూర్చోబెట్టి, మైకు మ్యూట్ చేసి, వీడియో ద్వారా విచారణ నడిపించారు. ఆరు యావజ్జీవ శిక్షలు పడ్డాయి.

లైవ్‌లో చూసిన చాలామందికి ఇది ఒక మనిషి మొండితనంగానో, పిచ్చిగానో కనిపించింది. అయితే ఆ ప్రశ్నలేవీ అతను సొంతంగా కనిపెట్టినవి కావు. యాభై ఏళ్లుగా కరపత్రాల్లో, హోటల్ హాళ్లలో పెట్టే సెమినార్లలో, జైలు బ్యారక్‌లలో, ఈమధ్య యూట్యూబ్‌లో చేతులు మారుతూ వస్తున్న పాఠం అది. స్పీడింగ్ చలానా కట్టనివాడు, ఇంటి లోన్ జప్తు దాకా వచ్చినవాడు, విడాకుల కేసులో పిల్లల కస్టడీ పోగొట్టుకున్నవాడు, హత్య కేసులో ముద్దాయి, అందరూ ఇంచుమించు ఒకే వాక్యాలు అప్పజెబుతారు.

## వాదన ఎలా నడుస్తుంది

ఈ ఉద్యమానికి ఒక పార్టీ ఆఫీసు లేదు, సభ్యత్వ కార్డు లేదు, అందరూ ఒప్పుకునే నాయకుడూ లేడు. ఒక్కో బోధకుడు ఒక్కో రకంగా చెబుతాడు. అయినా అస్థిపంజరం ఒకటే. ఒకప్పుడు అసలైన, న్యాయమైన ప్రభుత్వం ఉండేది. ఎవరికీ తెలియకుండా దాన్ని పక్కకు నెట్టి ఆ కుర్చీలో ఒక కంపెనీ కూర్చుంది. ఇప్పుడున్న కోర్టులు, పోలీసులు, పన్నుల శాఖ ఆ కంపెనీ శాఖలే. కంపెనీతో ఒప్పందం రాసుకోని మనిషి మీద కంపెనీకి ఏ అధికారమూ ఉండదు.

ఈ మార్పిడి ఎప్పుడు జరిగిందంటే సమాధానాలు మారతాయి. 1868లో రాజ్యాంగానికి 14వ సవరణ వచ్చినప్పుడని కొందరు, 1933లో అని మరికొందరు అంటారు. 1933 కథకే ఇప్పుడు గిరాకీ ఎక్కువ. ఆర్థిక మాంద్యం రోజుల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం డాలరుకు, బంగారానికి ఉన్న ముడి విప్పింది. ఆ ఏడాది జూన్ 5న అమెరికా కాంగ్రెస్ ఒక ఉమ్మడి తీర్మానం చేసి, అప్పులు బంగారంలోనే తీర్చాలనే షరతులను రద్దు చేసింది. ఇంతవరకు చరిత్రే. తిమ్మిని బమ్మిని చేసే పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. బంగారం పోయింది కాబట్టి ప్రభుత్వం తన పౌరులనే విదేశీ అప్పులవాళ్లకు తాకట్టు పెట్టిందని, ప్రతి బిడ్డ జనన ధృవీకరణ పత్రం ఒక బాండు అని, దాని మీద ట్రెజరీలో రహస్య ఖాతా ఉంటుందని చెబుతారు. ఆ ఖాతాలో ఎంత ఉంటుందన్నది బోధకుడి ఉదారతను బట్టి లక్షల డాలర్ల నుంచి కోట్ల దాకా మారుతుంది.

తర్వాతి మెట్టు పేరు. ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అని రెండు రకాలు ఉన్నాయి కదా. లైసెన్సుల మీద, కోర్టు నోటీసుల మీద పేరంతా పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది. అది స్పష్టంగా కనిపించడం కోసం వచ్చిన ఆఫీసు అలవాటు. సావరిన్ సిటిజన్ దృష్టిలో మాత్రం అలా రాసిన పేరు రక్తమాంసాలున్న మనిషిది కాదు, ప్రభుత్వం సృష్టించిన ఒక డమ్మీ కంపెనీది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు స్ట్రామ్యాన్, అంటే గడ్డి మనిషి. అప్పులు, చలానాలు, కేసులు ఆ గడ్డి మనిషివి, తనవి కావు. ఆ గడ్డి మనిషిని చట్టబద్ధంగా స్వాధీనం చేసుకుంటే రహస్య ఖాతా కూడా తన చేతికొస్తుంది. దీన్నే రిడెంప్షన్ సిద్ధాంతం అంటారు. రోజర్ ఎల్విక్ అనే వ్యక్తి 1980ల నుంచి దీన్ని ప్రచారం చేశాడు.

ఇక తంతు. సంతకం కింద వాణిజ్య చట్టంలోని ఫలానా సెక్షన్ ప్రకారం నా హక్కులు వదులుకోవడం లేదని రాయాలి. కొందరు ఎర్ర సిరాతో సంతకం చేసి పక్కన వేలిముద్ర వేస్తారు. కాగితం మూలన తపాలా బిళ్ల అంటిస్తారు. కోర్టులో జెండాకు బంగారు రంగు అంచు ఉంటే అది సముద్ర వ్యవహారాల కోర్టు అని, నేల మీద మనిషిని విచారించలేదని వాదిస్తారు. డేవిడ్ విన్ మిల్లర్ అనే బోధకుడు పేరు మధ్యలో హైఫన్లు, కోలన్లు పెట్టి రాస్తే పన్ను పడదన్నాడు. దానికోసం ఒక ప్రత్యేక వ్యాకరణాన్నే తయారు చేశాడు. బండి నడుపుతూ పోలీసుకు దొరికితే నేను డ్రైవింగ్ చేయడం లేదు, ప్రయాణిస్తున్నాను అనాలి. డ్రైవింగ్ అనేది వ్యాపారమట, ప్రయాణం సహజ హక్కట.

గమనించాల్సిన సంగతి ఏమిటంటే, వీళ్లను అరాచకవాదులతో కలిపి చూస్తే అసలు విషయం జారిపోతుంది. అరాచకవాదికి చట్టం మీద నమ్మకం ఉండదు. సావరిన్ సిటిజన్‌కు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంటుంది. సరైన మంత్రం తప్పులేకుండా చదివితే రాజ్యం కట్టుబడి తీరాలని అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. జడ్జి కాదంటే మంత్రం తప్పని అనుకోడు, తను ఎక్కడో అక్షరం తప్పానని అనుకుంటాడు, లేదా జడ్జి అమ్ముడుపోయాడంటాడు. అందుకే వంద ఓటములు కూడా ఈ నమ్మకాన్ని కదిలించలేవు.

## పుట్టింది ఎక్కడ

1970 ప్రాంతంలో అమెరికా పశ్చిమ తీరంలో పోసీ కొమిటేటస్ అనే గుంపు మొదలైంది. దీని వెనక ఉన్న ముఖ్యుల్లో విలియం పాటర్ గేల్ ఒకడు. సైన్యంలో అధికారిగా చేసి రిటైరయ్యాడు, యూదులంటే బాహాటంగా ద్వేషించే మత బోధకుడు. కౌంటీ (మన జిల్లాలాంటిది) పోలీసు అధికారి అయిన షెరీఫ్‌ను మించిన ప్రభుత్వాధికారి ఎవరూ లేరని, షెరీఫ్ కూడా మాట వినకపోతే జనమే శిక్షించవచ్చని ఈ గుంపు చెప్పింది.

14వ సవరణ మీద కోపం కూడా ఇక్కడిదే. బానిసత్వం రద్దయ్యాక నల్లజాతి వాళ్లకు పౌరసత్వం ఇచ్చిన సవరణ అది. పోసీ లెక్కలో నల్లవాళ్లు ఫెడరల్ ప్రభుత్వం తయారు చేసిన పౌరులు, కాబట్టి దాని కింద ఉండాల్సిందే. తెల్లవాళ్లు మాత్రం అంతకు ముందు నుంచే ఉన్న సహజ పౌరులు, ఎవరికీ లోబడరు. సావరిన్ సిటిజన్ అనే మాట వెనక ఉన్న మొదటి అర్థం ఇదే.

ఈ గొడవ కొద్దిమంది మధ్యే ఆగిపోయేదేమో. 1980ల వ్యవసాయ సంక్షోభం దీనికి జనాన్ని తెచ్చిపెట్టింది. 1970ల్లో భూముల ధరలు పెరుగుతుంటే బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి, రైతులు విస్తరించారు. ద్రవ్యోల్బణం అదుపు చేయడానికి కేంద్ర బ్యాంకు వడ్డీలు పెంచడంతో 1980 డిసెంబర్‌లో ప్రైమ్ రేటు, అంటే బ్యాంకులు అప్పులకు ప్రామాణికంగా తీసుకునే వడ్డీ, 21.5 శాతానికి చేరింది. సోవియట్ యూనియన్‌కు ధాన్యం ఎగుమతి మీద నిషేధం అదే ఏడాది వచ్చింది. పంట ధర, భూమి ధర రెండూ పడిపోయాయి, వాయిదా మాత్రం పెరిగింది. పొలాలు వేలానికి వచ్చిన ఆ ఊళ్లలోకి పోసీ మనుషులు వచ్చి, మీ అప్పే చెల్లదు, ఈ కాగితం దాఖలు చేస్తే చాలు అన్నారు. లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేని రైతుకు అరచేతిలో వైకుంఠం కనిపించింది.

గోర్డన్ కాల్ ఉదంతం ఈ కాలానిదే. నార్త్ డకోటాకు చెందిన ఈ రైతు రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు, పన్నులు కట్టనని జైలుకు కూడా వెళ్లొచ్చినవాడు. 1983 ఫిబ్రవరి 13న మెడీనా పట్టణం దగ్గర అతన్ని అరెస్టు చేయబోయిన ఇద్దరు ఫెడరల్ మార్షల్స్ కాల్పుల్లో చనిపోయారు. జూన్‌లో ఆర్కన్సాస్‌లో జరిగిన ఎదురుకాల్పుల్లో కాల్‌తో పాటు అక్కడి షెరీఫ్ కూడా ప్రాణాలు కోల్పోయాడు. కాల్‌ను అమరుడిగా చెప్పుకునే సాహిత్యం ఆ తర్వాత చాలా కాలం తిరిగింది.

విచిత్రం ఏమిటంటే, నల్లవాళ్లకు పౌరసత్వమే చెల్లదంటూ మొదలైన వాదన 1990ల నుంచి నల్లజాతి అమెరికన్లలోకి కూడా వెళ్లింది. తాము ప్రాచీన మూరిష్ జాతి వారసులమని, అమెరికా చట్టం తమకు వర్తించదని చెప్పే గుంపులు వచ్చాయి. 1913 నాటి మూలాలున్న మూరిష్ సైన్స్ టెంపుల్ అనే మతసంస్థ పదజాలాన్ని ఇవి వాడుకుంటాయి. ఆ సంస్థ మాత్రం వీళ్లతో తమకు సంబంధం లేదంటుంది. 2021 జూలై 3న మసాచుసెట్స్‌లోని వేక్‌ఫీల్డ్ దగ్గర హైవే మీద ఆయుధాలతో ఉన్న ఇలాంటి ఒక బృందానికి, పోలీసులకు మధ్య గంటల తరబడి ప్రతిష్టంభన నడిచి, పదకొండు మంది అరెస్టుతో ముగిసింది. తాము సావరిన్ సిటిజన్లం కాదనే వాళ్లూ చెప్పారు. ఆ ముద్ర ఎవరూ ఇష్టంగా వేసుకునేది కాదు.

## కాగితమే ఆయుధమైనప్పుడు

పోలీసులు వీళ్ల పద్ధతిని కాగితపు ఉగ్రవాదం అంటారు. అదెలా పనిచేస్తుందో చూడాలి. అమెరికాలో అప్పిచ్చినవాళ్లు, అవతలి వాళ్ల ఆస్తి మీద తమకు హక్కుందని రాష్ట్ర రికార్డుల్లో నమోదు చేసుకునే ఫారం ఒకటుంది. యూసీసీ-1 అంటారు. ఫీజు స్వల్పం. ఫారం సరిగ్గా నింపారా లేదా అన్నదే గుమస్తా చూస్తాడు, అప్పు నిజంగా ఉందా అని విచారించడు. వ్యాపారం వేగంగా సాగడానికి పెట్టుకున్న సదుపాయం ఇది. సావరిన్ సిటిజన్లు దీన్నే ఆయుధంగా మార్చుకున్నారు. తమకు జరిమానా వేసిన జడ్జి, నోటీసు ఇచ్చిన గుమస్తా, చలానా రాసిన పోలీసు తమకు లక్షల డాలర్లు బాకీ ఉన్నారని ఫారం పడేస్తారు. ఆ మనిషికి విషయమే తెలియదు. ఇల్లు అమ్మబోతూ ఈసీ తీయిస్తే, ఎన్నడూ పేరు వినని మనిషికి కోట్ల బాకీ ఉన్నట్టు కనబడితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. తీయించుకోవడానికి లాయరు కావాలి, కోర్టు ఆర్డరు కావాలి, నెలలు పడుతుంది.

దీన్ని పెద్ద ఎత్తున చేసింది మోంటానా ఫ్రీమెన్ అనే గుంపు. 1990ల మధ్యలో మోంటానాలోని జోర్డాన్ పట్టణం దగ్గర ఒక పశువుల క్షేత్రంలో చేరి, దానికి జస్టస్ టౌన్‌షిప్ అని పేరు పెట్టి, సొంత కోర్టు నడిపారు. లీరాయ్ ష్వైట్జర్ అనే నాయకుడు దొంగ చెక్కులు ఎలా రాయాలో క్లాసులు చెప్పాడు. 1996 మార్చిలో ఎఫ్‌బీఐ ఆ క్షేత్రాన్ని చుట్టుముట్టి 81 రోజులు ఎదురు చూసింది. అంతకు మూడేళ్ల ముందు టెక్సస్‌లోని వేకో దగ్గర మతశాఖ ఆశ్రమ ముట్టడి మంటల్లో ముగిసి డెబ్బై మందికి పైగా చనిపోయిన చేదు అనుభవం ఉండటంతో ఈసారి తొందరపడలేదు. ఒక్క తూటా పేలకుండా అంతా లొంగిపోయారు. ష్వైట్జర్‌కు ఇరవై రెండేళ్లకు పైగా శిక్ష పడింది.

ఆ తర్వాత చట్టాలు బిగిశాయి. ఫెడరల్ ఉద్యోగుల మీద తప్పుడు బాకీలు నమోదు చేస్తే పదేళ్ల దాకా జైలు వేసే నిబంధన 2007 నాటి కోర్టు భద్రతా చట్టంతో వచ్చింది. చాలా రాష్ట్రాలు కూడా తమ చట్టాలు మార్చుకున్నాయి.

## అమ్మేవాళ్లు, కొనేవాళ్లు

ఈ చర్చలో తరచూ మరుగున పడేది వ్యాపారం. ఈ వాదనను నమ్మి కోర్టుకెక్కే ప్రతి వందమంది వెనక, దాన్ని కిట్‌గా కట్టి అమ్మేవాళ్లు కొందరుంటారు. లోన్ మాఫీ సెమినార్, పన్ను విముక్తి ప్యాకేజీ, సొంత నంబర్ ప్లేటు, దౌత్యవేత్తల తరహా గుర్తింపు కార్డు, అన్నిటికీ రేటు ఉంటుంది. ఒరెగాన్‌కు చెందిన విన్‌స్టన్ ష్రౌట్ ఇలాంటి బోధకుడే. వంద లక్షల కోట్ల డాలర్లకు పైగా విలువ చేస్తాయంటూ ఉత్తుత్తి ఆర్థిక పత్రాలు తయారు చేసిన అతనికి 2018లో పదేళ్ల శిక్ష పడింది. అంత మొత్తం ఏ దేశపు ఖజానాలోనూ ఉండదు.

కొనేవాళ్ల పరిస్థితి వేరు. ఇంటి జప్తు, పిల్లల కస్టడీ, సస్పెండైన లైసెన్సు, పేరుకుపోయిన చలానాలు, ఇలాంటి చిక్కుల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. సివిల్ కేసుల్లో అమెరికా ప్రభుత్వం సాధారణంగా ఉచిత లాయరును ఇవ్వదు. క్రిమినల్ కేసులో దొరికే ఆ హక్కు జప్తు కేసులో ఉండదు. లాయరు ఫీజు భరించలేని మనిషికి, కోర్టు భాష అర్థంకాని మనిషికి, ఈ భాష వెనక రహస్యం ఉంది, తాళంచెవి నా దగ్గరుంది అనేవాడు దేవుడిలా కనిపిస్తాడు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్లు పోగొట్టుకున్న కాలంలో ఇది మళ్లీ ఊపందుకుంది. తీవ్రవాద గుంపులపై కన్నేసి ఉంచే సదరన్ పావర్టీ లా సెంటర్ అనే సంస్థ 2011 అంచనా ప్రకారం అప్పట్లో సుమారు మూడు లక్షల మంది ఈ పద్ధతులు వాడుతున్నారు, అందులో లక్షమంది కరడుగట్టినవాళ్లు. సభ్యత్వ జాబితా లేని ఉద్యమం కాబట్టి ఏ అంకె అయినా అంచనాయే.

అమ్మేవాడు కూడా నమ్మేవాడైతే ప్రమాదం పెరుగుతుంది. 2010 మే 20న ఆర్కన్సాస్‌లోని వెస్ట్ మెంఫిస్ దగ్గర ఇద్దరు పోలీసులు ఒక మినీవ్యాన్‌ను ఆపారు. అందులో ఉన్నది ఊరూరా తిరిగి జప్తు ఆపే సెమినార్లు చెప్పే వ్యక్తి, అతని పదహారేళ్ల కొడుకు. తండ్రి వింత కాగితాలు చూపిస్తూ ఉండగా కొడుకు రైఫిల్ తీసి కాల్చాడు. ఇద్దరు పోలీసులూ చనిపోయారు. కాసేపటికి ఒక సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో జరిగిన కాల్పుల్లో తండ్రీకొడుకులూ చనిపోయారు. చనిపోయిన పోలీసుల్లో ఒకరు ఆ ఊరి పోలీస్ చీఫ్ కొడుకే. సాధారణ ట్రాఫిక్ చెక్‌లో వింత నంబర్ ప్లేటు కనబడితే ఏం చేయాలన్నది అమెరికా పోలీసు శిక్షణలో పాఠంగా మారింది. 2014లో మేరీల్యాండ్ యూనివర్సిటీకి చెందిన ఒక కేంద్రం పోలీసు అధికారులను సర్వే చేస్తే, ఉగ్రవాద ముప్పుల్లో సావరిన్ సిటిజన్లకే మొదటి స్థానం ఇచ్చారు.

## మిలీషియాలు, షెరీఫ్‌లు: ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

ప్రభుత్వ వ్యతిరేక గుంపులన్నీ ఒక గాటన కట్టేయడం వార్తల్లో మామూలే. తేడాలు చూడాలి. నెవాడా పశువుల యజమాని క్లైవెన్ బండీ 1993 నుంచి ఫెడరల్ భూముల్లో మేత రుసుము కట్టలేదు. బాకీ పది లక్షల డాలర్లు దాటింది. 2014లో అధికారులు పశువులను జప్తు చేయబోతే ఆయుధాలతో జనం చేరారు, అధికారులు వెనక్కి తగ్గారు. 2016 జనవరిలో అతని కొడుకులు ఒరెగాన్‌లోని మలూర్ పక్షుల అభయారణ్యం ఆఫీసును ఆక్రమించారు, ఆ ఆక్రమణ 41 రోజులు సాగింది. వీళ్లది గడ్డి మనిషి కథ కాదు. ఆ భూమి మీద ఫెడరల్ ప్రభుత్వానికి హక్కే లేదన్నది వీళ్ల రాజ్యాంగ వాదన. ఒరెగాన్ కేసులో ఆక్రమణ నాయకులను జ్యూరీ నిర్దోషులని తేల్చింది. నెవాడా కేసును 2018లో జడ్జి కొట్టేశారు. అయితే వాళ్ల వాదన సరైనదని కాదు, ప్రాసిక్యూటర్లు సాక్ష్యాలు దాచారని. ఈ తేడా వాట్సాప్‌లో తిరిగే కథనాల్లో కనబడదు.

కౌంటీ షెరీఫే సర్వాధికారి అన్న పోసీ మాట పూర్తిగా చావలేదు. అరిజోనాలో షెరీఫ్‌గా చేసిన రిచర్డ్ మాక్ 2011లో రాజ్యాంగ షెరీఫ్‌ల సంఘం ఒకటి పెట్టాడు. ఫెడరల్ చట్టం రాజ్యాంగ విరుద్ధమని షెరీఫ్‌కు తోస్తే అమలును ఆపవచ్చని ఈ సంఘం చెబుతుంది. ఇదే మాక్ 1997లో సుప్రీంకోర్టులో ఒక నిజమైన గెలుపు కూడా సాధించాడు. తుపాకీ కొనేవాళ్ల వివరాలు ఆరా తీయమని ఫెడరల్ ప్రభుత్వం స్థానిక షెరీఫ్‌లను బలవంతం చేయలేదని ఆ తీర్పు చెప్పింది. బలవంతం చేయలేదనడానికి, అడ్డుకోవచ్చు అనడానికి మధ్య ఎంతో దూరం ఉంది. ఆ దూరాన్ని చెరిపేయడంలోనే ఈ వాదనల బలమంతా ఉంది.

2009లో ఓత్ కీపర్స్ అనే మిలీషియాను, అంటే ప్రైవేటు సాయుధ దళాన్ని, స్థాపించిన స్టువర్ట్ రోడ్స్ యేల్‌లో లా చదివినవాడు. 2021 జనవరి 6 నాటి పార్లమెంటు భవనం మీద దాడికి సంబంధించి రాజద్రోహ కుట్ర కింద అతనికి 18 ఏళ్ల శిక్ష పడింది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఆ శిక్షను తగ్గించి విడుదల చేశారు. ఫెడరల్ అధికారాన్ని ఎదిరించిన వాళ్లను రాజ్యం ఎంతవరకు శిక్షిస్తుందన్నది ఎవరు గద్దె మీద ఉన్నారన్న దాని మీద ఆధారపడుతోందన్న విమర్శ అప్పటి నుంచి బలపడింది. సావరిన్ సిటిజన్లకు ఇలాంటి రాజకీయ అండ ఎప్పుడూ లేదు. ఏ పార్టీకీ వాళ్లు ఓటు బ్యాంకు కారు.

## సరిహద్దులు దాటిన కాగితాలు

కెనడాలో అల్బర్టా కోర్టు జడ్జి జాన్ రూక్ 2012లో ఇచ్చిన మీడ్స్ వర్సెస్ మీడ్స్ తీర్పు ఈ విషయంలో మైలురాయి. మామూలు విడాకుల కేసు. ఒక పక్షం సావరిన్ వాదనలు ఎత్తుకుంటే, ఆయన ఏడు వందలకు పైగా పేరాలతో ఆ వాదనల మొత్తం వంశవృక్షాన్ని రాసిపెట్టారు. ఎవరు అమ్ముతారు, ఎవరు కొంటారు, ఏ గుర్తులు బట్టి పసిగట్టవచ్చు అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు చాలా దేశాల కోర్టులు దాన్నే చూపించి, విడిగా వివరించే శ్రమ లేకుండా ఇలాంటి పిటిషన్లు కొట్టేస్తున్నాయి.

బ్రిటన్‌లో ఇదే వాదన 1215 నాటి మాగ్నా కార్టాను పట్టుకుంది. దాని 61వ అధికరణ ప్రకారం అన్యాయమైన ప్రభుత్వాన్ని ధిక్కరించవచ్చని కోవిడ్ లాక్‌డౌన్‌లో కొన్ని షాపుల వాళ్లు కాగితాలు అంటించుకుని తెరిచారు. ఆ అధికరణ పాతికమంది ప్రభువుల మండలికి సంబంధించినది. 1216లో మళ్లీ జారీ చేసినప్పుడే దాన్ని తీసేశారు. ఆస్ట్రేలియాలో 2025 ఆగస్టు 26న విక్టోరియా రాష్ట్రంలోని పోరెపంకా దగ్గర వారంట్ అమలు చేయడానికి వెళ్లిన ఇద్దరు పోలీసులు కాల్పుల్లో చనిపోయారు. అనుమానితుడికి సావరిన్ భావాలున్నాయన్న వార్తలతో అక్కడ చర్చ ఒక్కసారిగా వేడెక్కింది.

జర్మనీ కథ మరీ భిన్నం. అక్కడ రైష్‌బ్యుర్గర్ అనే వాళ్లు పాత జర్మన్ సామ్రాజ్యం చట్టప్రకారం ఇంకా బతికే ఉందని, ఇప్పటి రిపబ్లిక్ ఒక కంపెనీ అని అంటారు. అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న కంపెనీ కథకు రాచరిక వ్యామోహం తోడైంది. 2016లో బవేరియాలో ఒక పోలీసు హత్య తర్వాత దేశవ్యాప్తంగా నిఘా మొదలైంది. 2022 డిసెంబర్ 7న సుమారు మూడు వేల మంది పోలీసులు సోదాలు చేసి, పార్లమెంటు మీద దాడికి కుట్ర పన్నారన్న ఆరోపణపై పాతిక మందిని అరెస్టు చేశారు. అందులో ఒక రాజవంశీకుడు, ఒక మాజీ ఎంపీ ఉన్నారు. ఆ ఏడాది జర్మన్ నిఘా సంస్థ లెక్క ప్రకారం ఈ భావాలున్నవాళ్లు సుమారు 23,000 మంది. ఒకప్పుడు వంటపని చేసి, కరాటే నేర్పిన పీటర్ ఫిట్జెక్ 2012లో తనకు తానే కిరీటం పెట్టుకుని రాజునని ప్రకటించుకున్నాడు. సొంత బ్యాంకు, సొంత గుర్తింపు కార్డులు నడిపిన అతని రాజ్యాన్ని 2025 మేలో జర్మన్ ప్రభుత్వం నిషేధించింది.

## ఉగ్రవాదమా, మోసమా, మనోవ్యాధా

ఎఫ్‌బీఐ సావరిన్ సిటిజన్ తీవ్రవాదులను దేశీయ ఉగ్రవాద ముప్పుల జాబితాలో, ప్రభుత్వ వ్యతిరేక హింసావాదుల కింద చూపుతుంది. భావాలు కలిగి ఉండటం నేరం కాదని కూడా అదే చెబుతుంది. పౌరహక్కుల వాదుల భయం ఈ గీత దగ్గరే. చలానా కట్టనివాడిని ఉగ్రవాదిగా చూస్తే, కారు ఆపిన పోలీసు చెయ్యి ముందుగానే తుపాకీ మీదికి పోతుంది. పోలీసు సంఘాల జవాబు వెస్ట్ మెంఫిస్. రెండు వైపులా బలమైన మాటే ఉంది. అయితే హింసకు దిగినవాళ్లు ఈ మొత్తంలో చిన్న భాగమన్నది మర్చిపోతే లెక్క తప్పుతుంది.

మానసిక స్థితి ప్రశ్న కోర్టుల్లో తరచూ వస్తుంది. ఇలా మాట్లాడే మనిషి విచారణ ఎదుర్కోగలడా? ఈ నమ్మకాలు ఉన్నంత మాత్రాన అతను అయోగ్యుడు కాడని అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టులు చాలాసార్లు తేల్చాయి. బయట నుంచి నేర్చుకున్న సిద్ధాంతం వేరు, మనసులో పుట్టిన భ్రమ వేరు. 1991 నాటి చీక్ కేసు మరో చిక్కుముడి విప్పింది. పన్ను కట్టని ఒక విమాన పైలట్, చట్టం తనకు వర్తించదని నిజంగా నమ్మానన్నాడు. ఆ నమ్మకం నిజమైనదైతే, ఎంత అసంబద్ధమైనా సరే, జ్యూరీ దాన్ని పరిగణించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే పన్ను చట్టమే రాజ్యాంగ విరుద్ధమని నమ్మడం సాకు కాదంది. మళ్లీ విచారణ జరిగితే అతనికి శిక్షే పడింది.

కోర్టుల ముందున్న అసలు తలనొప్పి సమయం. వందల పేజీల అర్థంలేని పిటిషన్ చదవడానికి కూడా ఒక గుమస్తా కావాలి. ఒక్క వాక్యంలో కొట్టేస్తే నా వాదనకు జవాబు లేదు అంటారు, వివరంగా రాస్తే తీర్పులోంచి ఒక వాక్యం కత్తిరించి సెమినార్‌లో గెలుపుగా చూపిస్తారు.

## ఇండియాలో పోలికలు, పోలికలు కానివి

ఉత్తరప్రదేశ్‌లోని మథురలో 2016 జూన్ 2న జరిగింది ఈ కోవకు బాగా దగ్గర. రామ్‌వృక్ష్ యాదవ్ అనే వ్యక్తి అనుచరులు 2014లో ధర్నా పేరుతో జవహర్‌బాగ్‌లోకి వచ్చి, సుమారు 270 ఎకరాల ప్రభుత్వ తోటను రెండేళ్లకు పైగా ఖాళీ చేయలేదు. ప్రధాని, రాష్ట్రపతి ఎన్నికలు రద్దు చేయాలి, ఇప్పటి కరెన్సీ పోయి ఆజాద్ హింద్ కరెన్సీ రావాలి, రూపాయికి 60 లీటర్ల డీజిల్ ఇవ్వాలి అన్నవి వాళ్ల డిమాండ్లు. హైకోర్టు ఆదేశంతో ఖాళీ చేయించబోతే జరిగిన కాల్పులు, మంటల్లో ఇద్దరు పోలీసు అధికారులతో సహా ఇరవై మందికి పైగా చనిపోయారు. అసలు ప్రభుత్వం ఇది కాదు, డబ్బు ఇది కాదు అన్న ఆలోచన అచ్చం అదే.

జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో 2017, 2018ల్లో సాగిన పత్థల్‌గడీని కూడా కొందరు ఇదే గాటన కడతారు. అది సగమే సరైన పోలిక. ముండా ఆదివాసులు తమ ఆచారం ప్రకారం ఊరి పొలిమేరల్లో రాళ్లు నిలిపి, వాటిపై ఆదివాసీ ప్రాంతాలకు ప్రత్యేక రక్షణలిచ్చే రాజ్యాంగం ఐదో షెడ్యూల్, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం గురించి చెక్కారు. ఓటరు కార్డు, ఆధార్ అక్కర్లేదన్న మాటలు కూడా కొన్నిచోట్ల చేరాయి. అది చట్టానికి నిలబడదు. కానీ గ్రామసభ హక్కులు ఎవరో ఊహించుకున్నవి కావు. ప్రభుత్వం వేల మంది మీద కేసులు పెట్టింది, రాజద్రోహం సెక్షన్లు వాడింది. 2019 డిసెంబర్‌లో హేమంత్ సోరెన్ ప్రభుత్వం ఆ కేసుల ఉపసంహరణకు నిర్ణయించింది.

తెలుగు నేల మీద దీనికి బలమైన ఉదాహరణే ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూ బదిలీని అడ్డుకునే 1/70 చట్టాన్ని పట్టుకుని, బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజులపై సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో తీర్పు వచ్చింది. ఈ భూమి మాది, మీ లీజు చెల్లదు అన్న మాట పైకి సావరిన్ సిటిజన్ మాటలాగే వినిపిస్తుంది. తేడా ఎక్కడంటే, ఆ మాటకు ఆధారమైన చట్టం పుస్తకంలో నిజంగా ఉంది, దాన్ని చదివి ఒప్పుకోవాల్సిన కోర్టు ఒప్పుకుంది. అలాంటి డిమాండ్లను ఉత్తుత్తి వాదనలతో కలిపి రాజద్రోహం అనేయడం ప్రభుత్వాలకు సులువైన దారి. ఆ దారి పట్టినచోట గొడవ పెరిగిందే తప్ప తగ్గలేదు.

## ముందున్నది

కొత్తగా పెరుగుతున్నది స్టేట్ నేషనల్ అనే మలుపు. నేను ఫెడరల్ పౌరుడిని కాదు, రాష్ట్ర జాతీయుడిని అని పాస్‌పోర్టు దరఖాస్తుకు కాగితాలు జతచేయడం నేర్పుతున్నారు. చిన్న వీడియోల కాలంలో బోధకుడికి హోటల్ హాలు అక్కర్లేదు. వింత కాగితాల ముసాయిదా తయారు చేయడానికి ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా ఉన్నాయి కాబట్టి కోర్టుల్లో పడే దస్తాలు ఇంకా బరువెక్కే అవకాశమే ఎక్కువ.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి అనిపించవచ్చు. లోన్ మాఫీ, పన్ను రిఫండ్ కిట్లు మాత్రం ఎవరి మెయిల్‌కైనా వస్తాయి. ఉత్తుత్తి ఆధారాలతో రిఫండ్ అడిగితే పన్నుల శాఖ ఐదు వేల డాలర్ల జరిమానా వేయగలదు, మోసమని తేలితే క్రిమినల్ కేసు అవుతుంది. వీసా మీద ఉన్న మనిషికి పరిణామాలు ఇంకా పెద్దవి. ట్రాఫిక్ చెక్‌లో లైసెన్సు ఇవ్వనని వాదించి అరెస్టయితే వేలిముద్రలు ఇమిగ్రేషన్ శాఖ దాకా వెళ్తాయి. పౌరుడు కానివాడు ఏ కాగితంలోనైనా అమెరికా పౌరుడినని తప్పుగా చెప్పుకుంటే, అదొక్కటే దేశం నుంచి పంపించేయడానికి చాలిన కారణం.